ముహూర్తం చర్మవ్యాధి కాదు

పెళ్లి కుదిరాక మాట్లాడుకోవాల్సిన వాళ్ల జాబితాలో కల్యాణమండపం, వంటవాళ్లు, ఫొటోగ్రాఫరు సరసన ఇప్పుడు స్కిన్ క్లినిక్ కూడా చేరింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల సంగతి సరే, జిల్లా కేంద్రాల్లోనూ ‘ప్రీ బ్రైడల్ ప్యాకేజీ’ బోర్డులు వెలిశాయి. క్లినిక్ వాళ్లైనా, పత్రికల మహిళా పేజీలైనా, యూట్యూబ్‌లో కనిపించే బ్యూటీషియన్లైనా, కాస్త పేరున్న చర్మవైద్యులైనా చెప్పే మాట ఒక్కటే. చివరి నిమిషంలో హడావుడి పడొద్దు, కనీసం ఆరు నెలల ముందే మొదలుపెట్టండి అంటారు. ఆరు నెలలప్పుడు ఇది, నాలుగు నెలలప్పుడు అది, నెల ముందు మరొకటి, వారం ముందు ఇంకొకటి అని ఒక పట్టిక కూడా చేతిలో పెడతారు. వినడానికి పెద్దమనిషి మాటలాగే ఉంటుంది. తొందర వద్దంటోంది, ఓపిక పట్టమంటోంది, డాక్టర్ని కలవమంటోంది. అందుకే దీన్ని ఎవరూ తిరిగి ప్రశ్నించరు. నా అభ్యంతరం సరిగ్గా ఈ మాట మీదే. పెళ్లికి మూడు రోజుల ముందు ముఖానికి కొత్త పూతలు పూయించుకోవడం ప్రమాదమన్నది నిజమే. దానికి విరుగుడు ఆరు నెలల ప్రణాళిక అన్నది మాత్రం నిజం కాదు. జబ్బున్న చర్మానికి పట్టే వ్యవధిని తెచ్చి జబ్బులేని చర్మానికి అంటగట్టి, ఆ మధ్యకాలాన్ని సిట్టింగులతో నింపే ఏర్పాటు ఇది. వైద్యం చేయాలంటే ఒక కారణం కావాలి. శుభలేఖ మీద అచ్చయిన తేదీ ఆ కారణం కాజాలదు.

ఈ ఆరు నెలల లెక్క ఎక్కడ పుట్టిందో ముందు చూద్దాం. మొటిమలకు రాసే రెటినాయిడ్ పూతలు ఫలితం చూపడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మొండి మొటిమలకిచ్చే ఐసోట్రెటినోయిన్ మాత్రలు నాలుగు నుంచి ఆరు నెలలు, కొందరు అంతకన్నా ఎక్కువ కాలం వాడాలి. అవాంఛిత రోమాలకు చేసే లేజర్, వెంట్రుక పెరుగుతున్న దశలో ఉంటేనే దాని కుదురు దాకా పనిచేస్తుంది. అన్ని వెంట్రుకలూ ఒకేసారి ఆ దశలో ఉండవు కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో ఆరో ఎనిమిదో సిట్టింగులు తప్పవు. మంగు మచ్చలు తగ్గడం నెలల పని, ఎండలో నాలుగు రోజులు తిరిగితే మళ్లీ తేలడం వారాల పని. ఇవన్నీ నిజమైన ఇబ్బందులు. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య వల్ల గడ్డం మీద వెంట్రుకలు మొలిచి, రోజూ అద్దం ముందు పట్టకారుతో కూర్చునే అమ్మాయి బాధను తేలిక చేసే హక్కు ఎవరికీ లేదు. వీటికి వ్యవధి కావాలంటే కాదనేదేమీ లేదు.

అయితే ఈ వ్యవధి జబ్బుది, పెళ్లిది కాదు. పెళ్లి కుదిరినా కుదరకపోయినా ఆ అమ్మాయికి వైద్యం కావాలి. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. పద్దెనిమిదేళ్లప్పుడు ముఖమంతా మొటిమలు లేచి మంట పుడుతుంటే ‘వయసు మొటిమలు, అవే పోతాయి’ అని సర్దిచెప్పిన ఇల్లే, పాతికేళ్లకు తాంబూలాలు మార్చుకోగానే డాక్టరు దగ్గరికి పరుగు తీస్తుంది. ఈలోగా మొటిమలు మానిన చోట గుంటలు పడ్డాయి. మొటిమను ఆపడం తేలిక, గుంటను పూడ్చడం కష్టం. పెళ్లి తేదీని వైద్యానికి కొలమానం చేసినందువల్ల నిజంగా జబ్బున్న పిల్లకు జరిగిన మేలు ఇదీ: ఏడేళ్ల ఆలస్యం.

ఇక జబ్బేమీ లేని చర్మం సంగతి. అడుగు పొరలో పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి యువతలో సుమారు నెల రోజులు, వయసు పైబడేకొద్దీ ఇంకా ఎక్కువ పడుతుంది. ఫేషియల్ అనండి, హైడ్రాఫేషియల్ అనండి, తేలికపాటి పీల్ అనండి, ఆరోగ్యంగా ఉన్న ముఖం మీద అవి చేసే పని దాదాపు ఒకటే: పైనున్న మృతకణాల పొరను తీసి కింది నునుపును చూపించడం. ఆ పొర కొన్ని వారాల్లో మళ్లీ ఏర్పడుతుంది. మాఘమాసంలో డబ్బు పోసి తెచ్చుకున్న మెరుపు శ్రావణంలో పెళ్లి పీటల దాకా రాదు. బొటాక్స్ ఇంజెక్షన్ ప్రభావం మూడు నుంచి ఐదు రోజుల్లో మొదలై రెండు వారాలకు పూర్తిగా తెలుస్తుంది, మూడు నాలుగు నెలలకు దిగిపోతుంది. ఆరు నెలల ముందు వేయించుకుంటే ముహూర్తానికి ముందే ఖర్చయిపోతుందని క్లినిక్‌కూ తెలుసు. అందుకే దానికి ‘ట్రయల్’ అని పేరు. ట్రయల్‌కూ బిల్లు వేస్తారనుకోండి. మగపిల్లల జుట్టు మార్పిడిలో లెక్క ఇంకోలా తప్పుతుంది. నాటిన వెంట్రుకలు మొదటి కొన్ని వారాల్లో రాలి, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలకెత్తి, పూర్తి రూపం తేలేసరికి ఏడాది పడుతుంది. ఆరు నెలల ముందు చేయించుకున్న వరుడు సగం మొలిచిన తలతోనే బాసికం కట్టుకుంటాడు. అంటే ఆ పట్టికను దాని సొంత లెక్కలతో చూసినా నిలబడదు. చర్మానికీ జుట్టుకూ వాటి గడువులు వాటికున్నాయి. పట్టికలోని గళ్లు మాత్రం క్లినిక్ అపాయింట్‌మెంట్ల సౌకర్యం కోసం గీసినవి.

మరి ఆ గళ్లు ఎలా నిండుతాయి? ముందు ఒక లోపం దొరకాలి. దానికొక తంతు ఉంది. ముఖాన్ని తెల్లటి డబ్బా లాంటి స్కిన్ అనలైజర్‌లో పెట్టించి ఫొటోలు తీస్తారు. అతినీలలోహిత కాంతిలో తీసిన ఫొటోలో, మామూలు వెలుగులో కంటికి కనిపించని రంగు తేడాలన్నీ చుక్కలు చుక్కలుగా తేలతాయి. ఎండలో తిరిగిన ఏ మనిషి ముఖమైనా అందులో అలాగే కనిపిస్తుంది. ఆ ఫొటోను పెద్ద తెర మీద పెట్టి ‘మేడమ్, ట్యాన్ బాగా ఉంది, డల్‌నెస్ ఉంది, టోన్ అన్‌ఈవెన్‌గా ఉంది’ అంటారు. ఈ మూడింటిలో ఒక్కటీ జబ్బు పేరు కాదు. మందుల చీటీలో రోగనిర్ధారణ అని రాయాల్సిన చోట విశేషణాలు రాయడం ఈ ఒక్క రంగంలోనే చూస్తాం. మన పన్నుల చట్టానికి ఈ తేడా బాగానే తెలుసు. వైద్యసేవలకు జీఎస్‌టీ మినహాయింపు ఇచ్చిన నోటిఫికేషనే జుట్టు మార్పిడినీ, అందం కోసం చేసే శస్త్రచికిత్సనూ ఆ మినహాయింపులోంచి తప్పించింది. పుట్టుకతో వచ్చిన లోపాన్నో, గాయం వల్ల కలిగిన నష్టాన్నో సరిచేసేదైతేనే వైద్యం కింద లెక్క. తెల్లకోటు ఉన్నంత మాత్రాన అది వైద్యమైపోదని పన్ను అధికారులు గ్రహించినంత స్పష్టంగా పెళ్లివారు గ్రహించడం లేదు.

అసలు అమ్ముడుపోతున్న సరుకు రంగు. 1975లో మన బజారులోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. అదే ఏడాది షాదీ డాట్ కామ్ ఒంటి రంగును బట్టి సంబంధాలను వడపోసే సదుపాయాన్ని తీసేసింది. తెలుపు కావాలని నోరు తెరిచి అడగడం నామోషీ అయింది గానీ అడగడం మానలేదు. ఆ అడిగేదే ఇప్పుడు డీట్యాన్, బ్రైటెనింగ్ గళ్లలో దూరింది. మన రంగులోని తేడాలు ఎక్కువగా జన్యువుల నుంచి వచ్చినవి. ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులోని ఒక మార్పు దక్షిణాసియా వాసుల ఒంటి రంగును ఎలా ప్రభావితం చేస్తుందో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధన 2013లోనే చూపింది. మనిషికీ మనిషికీ రంగు తేడా ఉంది కదా అని మెలనిన్ తయారుచేసే కణాల సంఖ్యలో పెద్ద తేడా ఉండదు. అవి తయారుచేసే రంగు ఎంత, ఏ రకం, కణాల్లో ఎలా పరుచుకుంటుంది అన్నదాంట్లోనే తేడా. ఎండకు నల్లబడ్డ ముఖం నీడపట్టున ఉండి సన్‌స్క్రీన్ రాసుకుంటే కొన్ని వారాల్లో, నెలల్లో తనంతట తాను తేరుకుంటుంది. అది తేరుకోగల హద్దు ఎక్కడుందో తెలుసుకోవాలంటే యంత్రం అక్కర్లేదు. జబ్బ లోపలివైపు ఎండ తగలని చర్మాన్ని చూస్తే చాలు. ముఖం రంగును అంతకు మించి తెల్లబరుస్తామన్నవారు చికిత్స పేరుతో వేరేదేదో అమ్ముతున్నారు.

పైగా ఇందులో ఒక విడ్డూరం ఉంది. పెళ్లిచూపుల్లో అబ్బాయి, అతని తల్లీ, మేనత్తలూ చూసింది ఈ ముఖాన్నే. ఒప్పుకున్నదీ ఈ ముఖాన్నే. ఆ తర్వాత నెలల తరబడి వీడియో కాల్‌లో మాట్లాడుతున్నదీ ఇదే ముఖంతో. సంబంధం ఖాయం కావడానికి రంగు అడ్డొస్తుందన్న భయం, తప్పుడుదే అయినా, కనీసం అర్థమవుతుంది. ఖాయమైపోయాక మొదలయ్యే ఈ ఆరు నెలల తతంగం ఎవరిని మెప్పించడానికి? జవాబు అందరికీ తెలుసు: భోజనాల బంతిలో ‘పిల్ల కాస్త రంగు తక్కువే’ అని పక్కవాళ్ల చెవిలో వేసే బంధువులను. వాళ్లు ముందే ఆ మాట అనాలని నిశ్చయించుకుని వస్తారు. ఏ పీల్ కూడా ఆ నోళ్ల మీద పనిచేయదు.

రంగు కోరిక ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి గ్లూటాథయోన్ డ్రిప్పులు చాలు. శరీరంలో సహజంగా ఉండే ఈ పదార్థాన్ని సెలైన్‌లా నరానికి ఎక్కిస్తూ ‘బ్రైడల్ గ్లో డ్రిప్’ అని వారానికొకటి చొప్పున అమ్ముతున్నారు. చర్మం తెల్లబరచడానికి ఈ ఇంజెక్షన్‌కు మన దేశంలో నియంత్రణ సంస్థ అనుమతి లేదు. ఈ వ్యాపారం మనకన్నా ముందు ముదిరిన ఫిలిప్పీన్స్‌లో అక్కడి ఎఫ్‌డీఏ 2011లో ఒకసారి, 2019లో మరోసారి ప్రజలను హెచ్చరించింది. కేన్సర్ రోగులకు సిస్‌ప్లాటిన్ ఇచ్చేటప్పుడు నరాలు దెబ్బతినకుండా తోడుగా వాడేందుకు తాము అనుమతించిన మందును తెలుపు కోసం ఎక్కిస్తున్నారని, కాలేయం, మూత్రపిండాలు, థైరాయిడ్ దెబ్బతినే ప్రమాదంతో పాటు ప్రాణాంతకమైన చర్మ ప్రతిచర్యలు కూడా రావచ్చని చెప్పింది. రంగు కొద్దిగా తేలినా డ్రిప్పులు ఆపేశాక నిలవదు. ఇక్కడ ‘ముందుగా ప్లాన్ చేసుకోండి’ అన్న సలహా చేసే పని ఏమిటో చూడండి. వారం ముందు వచ్చిన పెళ్లికూతురికి ఒక్క డ్రిప్ ఎక్కించగలరు. ఆరు నెలల ముందు వచ్చినామెకు రెండు డజన్లు ఎక్కించగలరు. ముందుచూపు పేరిట ప్రమాదం అన్నిరెట్లు పెరిగింది.

క్లినిక్ గడప తొక్కే స్తోమత లేని ఇళ్లలో ఇదే సలహా ఇంకో రూపం తీసుకుంటుంది. మందుల షాపులో చవక ట్యూబు, లేదా ఆన్‌లైన్‌లో ఏ తయారీదారు పేరూ లేని తెల్లటి డబ్బా. ట్యూబులో సాధారణంగా ఉండేది హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, ఒక స్టెరాయిడ్. మంగు మచ్చలకు వైద్యుడి పర్యవేక్షణలో కొద్ది వారాలు వాడాల్సిన ఆ మిశ్రమాన్ని ఫెయిర్‌నెస్ క్రీములా నెలల తరబడి రాస్తారు. మొదటి రెండు వారాలు ముఖం నిజంగానే నిగనిగలాడుతుంది, చిక్కంతా అక్కడే. తర్వాత చర్మం పలచబడి, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు తేలి, మొటిమలు, నూగు వెంట్రుకలు పుట్టుకొస్తాయి. ట్యూబు ఆపితే ముఖం భగ్గుమంటుంది, రాస్తే తగ్గుతుంది కాబట్టి ఆపలేరు. దేశవ్యాప్తంగా 12 కేంద్రాల్లో చర్మవైద్యులు జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలిస్తే 433 మంది ముఖానికి స్టెరాయిడ్లు రాస్తున్నట్టు తేలింది. చీటీ లేకుండా ఇలాంటి పూతలు అమ్మకుండా 2018లో కేంద్రం నిబంధన బిగించింది. కౌంటరు దగ్గర పేరు చెబితే ఇప్పటికీ ఇస్తున్నారు. ఆన్‌లైన్ డబ్బా కథ మరీ ఘోరం. కేరళ మలప్పురం జిల్లాలో 2021 నుంచి 2023 వరకు ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని అక్కడి వైద్యులు పరీక్షిస్తే 15 మందిలో అరుదుగా కనిపించే ఒకే రకం గుర్తు దొరికింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు రాసుకున్నవారే. ఆ క్రీముల్లో పాదరసం ఉంది. మన సౌందర్య సాధనాల నిబంధనలు దాన్ని ఉద్దేశపూర్వకంగా కలపడాన్ని నిషేధించాయి. పాదరసం ఒక్కరోజు పూతతో కిడ్నీని పాడుచేయదు, దానికి నెలలు కావాలి. సరిగ్గా ఆ నెలలనే మన పట్టిక సమకూర్చిపెడుతోంది.

‘అవన్నీ అర్హత లేనివాళ్ల పనులు, మేం ఎండీ డెర్మటాలజిస్టు దగ్గరికే వెళ్తున్నాం’ అనేవారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. నకిలీ వైద్యుడికీ నిపుణుడికీ తేడా చాలా ఉంది. కానీ మంచి డాక్టరు చేతిలో కూడా మన చర్మం మన చర్మమే. చర్మాలను ఎండకు అవి స్పందించే తీరును బట్టి వర్గీకరించే ఫిట్జ్‌పాట్రిక్ కొలత 1975లో పుట్టినప్పుడు తెల్లవారి చర్మానికే పరిమితం. గోధుమ, నల్లని చర్మాలకు ఐదో రకం, ఆరో రకం తర్వాత చేర్చారు. మన తెలుగువాళ్లలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. ఈ చర్మానికి ఒక స్వభావం ఉంది: దెబ్బ తగిలిన ప్రతిచోటా రంగు ఎక్కువ పోసుకుంటుంది. దోమకాటు గోకినా నెలల తరబడి నల్లమచ్చ ఉండేది అందుకే. పీల్ అయినా లేజర్ అయినా చర్మానికి లెక్కగా చేసే గాయమే. ఆ లెక్క కాస్త తప్పినా, తర్వాత ఎండ తగిలినా, పోగొట్టాలనుకున్న మచ్చ కన్నా ముదురు మచ్చ మిగులుతుంది.

ఇప్పుడు తెలుగు పెళ్లి క్యాలెండర్‌ను దీని పక్కన పెట్టండి. ఆషాఢం, మూఢం పోగా జనం ఎగబడే ముహూర్తాల్లో పెద్ద భాగం వైశాఖ జ్యేష్ఠాల్లో, అంటే రామగుండంలో, విజయవాడలో రోడ్డు మీద కాలు పెట్టలేని ఎండల్లో వస్తుంది. ముందు రెండు నెలలు పెళ్లికూతురు ఎక్కడుంటుంది? పట్టుచీరల కోసం షాపుల చుట్టూ, జాకెట్ల కోసం టైలర్ల చుట్టూ, ప్రీ వెడ్డింగ్ షూట్ పేరిట మిట్టమధ్యాహ్నం ఏ గండికోటలోనో, బీచ్‌లోనో. పీల్ చేసిన చర్మాన్ని ఎండకు చూపొద్దని చీటీ మీద రాసిన సంగతి షూటింగ్ వాళ్లకు ఎవరు చెబుతారు? తర్వాత నలుగు. పెళ్లికూతుర్ని చేసే రోజున పీట మీద కూర్చోబెట్టి, నూనె పట్టించి, పసుపు రాసి, సున్నిపిండితో అత్తలు, పిన్నులు, వదినలు తలా ఒక చేయి వేసి రుద్దుతారు. ముద్దుగా రుద్దేవాళ్లు కొందరైతే కసిగా రుద్దేవాళ్లు కొందరు. మామూలు చర్మానికి అదొక సరదా. నెలల తరబడి రెటినాల్ సీరమ్ రాసి, వారం ముందు పీల్ చేయించి పలచబరచిన ముఖానికి అదే సున్నిపిండి గరుకు మంట పెడుతుంది, అక్కడక్కడ దోక్కుపోతుంది కూడా. ఐసోట్రెటినోయిన్ వాడుతున్న అమ్మాయి పైపెదవికి వ్యాక్సింగ్ చేస్తే చర్మం లేచి వస్తుందని పార్లర్లకు తెలియాలి, చాలా చోట్ల అడగనైనా అడగరు. ఆపైన కొత్త కుంకుమ, నల్లరంగు కలిపిన మెహందీ, గంటల తరబడి మందపాటి మేకప్, హోమం పొగ. పెళ్లి మూడు రోజుల్లో ముఖానికి తగిలేవాటిని తట్టుకోవాలంటే కావలసింది చెక్కుచెదరని పైపొర. ప్యాకేజీ మొదట చేసే పని ఆ పొరను తీసేయడం. బంజారాహిల్స్‌లో తయారైన పట్టికలో నలుగుకు గడి లేదు. అది ఏ దేశపు పెళ్లి కోసం రాసినదో వాళ్లనే అడగాలి.

ఇంతకన్నా తీవ్రమైన విషయం ఒకటి సిగ్గు వల్ల చర్చకే రాదు. ఐసోట్రెటినోయిన్ వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన అవకరాలు కలగవచ్చు. మందు ఆపాక కనీసం ఒక నెల గడిచేదాకా గర్భం రాకూడదు. నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య మూడు నెలలుంటే, అప్పుడు మొదలుపెట్టిన ఆరు నెలల కోర్సు కాపురంలోకి పాకుతుంది. మూడు ముళ్లు పడిన మూడో నెల నుంచే ‘విశేషమేమైనా ఉందా’ అని అడిగే సమాజం మనది. పక్కన తల్లి కూర్చుని ఉండగా డాక్టరు గర్భనిరోధం గురించి ఎంత విడమరిచి చెప్పగలరు, ఆ అమ్మాయి ఎంత అడగగలదు? రెటినాయిడ్ పూతలు, హైడ్రోక్వినోన్ కూడా గర్భం కోరుకునేవారు మానుకోవలసినవే. ఇంకొకటి. ముహూర్తం రోజు నెలసరి రాకుండా హార్మోన్ మాత్రలు వేసుకోవడం మన ఇళ్లలో మామూలు, చాలాసార్లు మందుల షాపువాడి మాట మీదే. మంగుకు ఇప్పుడు విరివిగా రాస్తున్న మాత్ర ట్రానెక్సమిక్ యాసిడ్. రక్తం గడ్డలు కట్టే ప్రమాదం ఉన్నవారికీ, హార్మోన్ గర్భనిరోధకాలు వాడేవారికీ దాన్ని వద్దంటారు. చర్మం డాక్టరుకు నెలసరి మాత్ర సంగతి తెలియదు, మాత్ర తెచ్చిచ్చిన పిన్నికి మంగు మాత్ర సంగతి తెలియదు. ప్యాకేజీ ఎంత పకడ్బందీగా ఉన్నా ఈ రెండు చీటీలూ ఒకచోట కలిసే గది అందులో లేదు.

‘ఆమె ముఖం, ఆమె డబ్బు, ఆమె ఇష్టం, మధ్యలో మీరెవరు’ అన్నది గట్టి అభ్యంతరం, ముఖ్యంగా ఆడపిల్ల ఒంటి మీద ఇప్పటికే పదిమంది పెత్తనం చేస్తున్నప్పుడు. నిజమే. ముక్కు వంపు నచ్చక మార్చుకుంటానంటే, మొటిమల గుంటలకు లేజర్ చేయించుకుంటానంటే అడ్డుచెప్పే అధికారం నాకు లేదు, ఆ అవసరమూ లేదు. నేను అడిగేది ఒకే ప్రశ్న: పెళ్లి అనేది లేకపోతే ఇది చేయించుకుంటావా? అవును అన్నదైతే అది ఆమె కోరిక. తేదీతో ముడిపెట్టకుండా, తొందర లేకుండా, రెండో డాక్టరు అభిప్రాయం కూడా తీసుకుని చేయించుకోవచ్చు. కాదు అన్నదైతే ఆ కోరిక ఎవరిదో వెతకాలి. చాలాసార్లు ప్యాకేజీ డబ్బు కట్టేది తండ్రి, ఎంచేది తల్లి, సూచించేది కాబోయే ఆడబిడ్డ. దాన్ని స్వేచ్ఛ అనడం మాటల గారడీ. ఫొటోలు జీవితాంతం ఉంటాయనే వాదన ఇంకా బలహీనం. ఇప్పటి పెళ్లి ఫొటోలో కనిపించే చర్మంలో మేకప్ వాటా ఎంత, లైటింగ్ వాటా ఎంత, ఆల్బం డిజైనర్ కంప్యూటర్‌లో చేసిన రీటచ్ వాటా ఎంత అని లెక్క తీస్తే ఆరు నెలల సిట్టింగులకు మిగిలేది స్వల్పం. అబ్బాయిలు కూడా చేయించుకుంటున్నారు కదా అంటారు. చేయించుకుంటున్నారు. 2024లో పెళ్లి కుదిరిన యువకుడొకరు నవ్వు అందంగా ఉండాలని పళ్ల చికిత్సకు వెళ్లి ప్రాణం పోగొట్టుకున్న వార్త హైదరాబాద్‌ను కలవరపెట్టింది. ముహూర్తం ఒత్తిడి మగవాళ్లకూ పాకిందంటే అది సమానత్వం కింద జమకట్టాల్సిన విషయం కాదు.

మరోవైపు నుంచి వచ్చే చప్పట్లను కూడా నేను వద్దంటాను. ఇదంతా చదివి ‘అందుకే మన అమ్మమ్మల చిట్కాలే మేలు’ అనే పెద్దలకు జ్ఞాపకం చేయాలి: నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే ముఖం మీద కాలినట్టు మచ్చలు పడతాయి, వంటసోడా చర్మపు సహజమైన ఆమ్లత్వాన్ని చెడగొడుతుంది. ‘నేచురల్’ అన్న ముద్ర ఉన్నంత మాత్రాన దురద రాకుండా పోదు. ముఖం మీద కొత్తది ఏది రాసినా, అది అమెరికా సీరమ్ అయినా ఆవపిండి అయినా, చర్మానికి అది ఒక పరీక్షే. జబ్బులేని చర్మానికి పెళ్లి ముందు కావలసినవి అలవాటైన సబ్బు లేదా ఫేస్‌వాష్, ఒక మాయిశ్చరైజరు, పగటిపూట సన్‌స్క్రీన్, రాత్రి నిద్ర. వీటికి పట్టిక అక్కర్లేదు. ప్యాకేజీగా కట్టి అమ్మడానికి ఇందులో ఏమీ లేదు కాబట్టి ఎవరూ గట్టిగా చెప్పరు. ఫెయిర్‌నెస్ ప్రకటనలను అదుపు చేసేందుకు మ్యాజిక్ రెమెడీస్ చట్టానికి 2020లో కేంద్రం సవరణ ముసాయిదా తెచ్చింది. నయం చేస్తామంటూ ప్రచారం చేయకూడని వాటి జాబితాలో ఒంటి తెలుపునూ చేర్చిన ముసాయిదా అది. చట్టం చేసే పని చట్టం చేయాలి. ఈలోగా చర్మవైద్యులు చేయగలిగిన పని ఒకటుంది. పెళ్లి తేదీ అడిగి చీటీ రాయడం మానేసి, చీటీ రాశాక తేదీ అడగడం. వైద్యం అవసరమైన రోగికి తేదీ వల్ల ఏం మారాలో అప్పుడు తేలుతుంది: ఏ మందు ఆపాలి, ఏది వాయిదా వేయాలి, నలుగు రోజున ఏం జాగ్రత్త పడాలి.

నిజంగా జబ్బున్నవారి విషయంలోనైనా ఈ ప్రణాళిక పనికొస్తుందా అంటే, అక్కడే అది అన్నిటికన్నా ఎక్కువ మోసం చేస్తుంది. మొటిమలు తగ్గాక కూడా నెలల తరబడి నిర్వహణ మందు వాడాలి. మంగు ఒకసారి తగ్గి పోయే జబ్బు కాదు, గర్భం వస్తే పెరిగే అవకాశం కూడా ఉంది. పీసీఓఎస్ ఉన్నంతకాలం వెంట్రుకలు మళ్లీ వస్తూనే ఉంటాయి. ఇప్పుడున్న ప్యాకేజీల్లో ఆఖరి సిట్టింగు పెళ్లికి రెండు రోజుల ముందు. పెళ్లి తర్వాతి వారానికి, మూడో నెలకు అపాయింట్‌మెంట్ రాసిచ్చే బ్రైడల్ పట్టిక ఒక్కటి కూడా కనబడదు. అప్పటికి ఆ అమ్మాయి అత్తగారి ఊళ్లోనో, డల్లాస్‌లోనో ఉంటుంది. పాత డాక్టరు నంబరు ఫోన్‌లో ఉంటుంది, కొత్త ఊళ్లో ఇన్సూరెన్స్ ఇంకా చేతికి రాదు. సూట్‌కేసులో పచ్చళ్ల సీసాల పక్కన సర్దుకున్న ఆరు ట్యూబులు అయిపోయాక ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పి పంపలేదు.